కొత్తవారి చేతికి ఒక పుస్తకం



పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. ఆ భూషణాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి అందించడం కూడా ఒక విద్యే. కోయిలకుంట్ల హాస్టల్ వదిలి నంద్యాలకో, కర్నూలుకో పైచదువుకు వెళ్ళినప్పుడు కొత్తవాళ్ళు మొదట అడిగేది "ఏ ఊరు? ఎవరి పిల్లోనివి?" అని. ఆ మాట చాలాసార్లు కులం దగ్గరికి వచ్చి ఆగుతుంది. "ఏం పుస్తకం చదువుతున్నావు?" అని మొదలైన పరిచయానికి ఆ దారి పట్టవలసిన పని లేదు.

బాల అంబేద్కర్ బొంబాయిలో చర్నీ రోడ్డు తోటలో కూర్చొని చదువుకొనేవాడు. అక్కడికి వచ్చే ఉపాధ్యాయుడు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ ఆ కుర్రవాణ్ణి గమనించి పలకరించాడు, మంచి పుస్తకాలు ఇచ్చాడు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధ చరిత్రను బహూకరించాడు. తర్వాత బరోడా మహారాజు నుండి నెలకు 25 రూపాయల ఉపకార వేతనం రావడానికీ ఆయనే తోడ్పడ్డాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన బాబాసాహెబ్‌కు బుద్ధుని తొలి పరిచయం ఆ కానుకే.

మన తెలుగునాట గ్రంథాలయోద్యమం చేసిందీ ఇదే. 1935లో పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం పెట్టి కాలువ ప్రయాణికులకు పుస్తకాలు అందించారు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ఎనలేని సేవ చేశారు.

పుస్తకం చెప్పే పద్ధతి:

1. ముందు ఎదుటివారిని వినండి. వారికి ఏది ఇష్టమో, ఎంత తీరిక ఉందో తెలుసుకోండి.

2. "చాలా బాగుంటుంది" అంటే చాలదు. జాషువా 'గబ్బిలం' గురించి చెప్పాలంటే, గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని, అందుకే దానితో శివునికి మొర పంపాడని చెప్పండి. వినేవారు వెంటనే పుస్తకం అడుగుతారు.

3. అది మిమ్మల్ని ఎందుకు తాకిందో ఒక్క మాటలో చెప్పండి. అక్కడే మనసులు కలుస్తాయి.

4. ఒక్క పుస్తకమే చెప్పండి. పది చెబితే ఒక్కటీ గుర్తుండదు.

5. వారు చెప్పిన పుస్తకం కూడా చదవండి. ఇచ్చిపుచ్చుకుంటేనే స్నేహం.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీకు నచ్చిన ఒక పుస్తకం తెండి. ఎందుకు నచ్చిందో నాలుగు వాక్యాలు రాసి లోపల పెట్టండి. మిమ్మల్ని ఎన్నడూ చూడని ఒక తమ్ముడు దాన్ని తెరుస్తాడు.