ఆ బ్యాగు జిప్పు ఎవరు తీయాలి?

రా, ఇలా నా పక్కన కూర్చో. టీ చల్లారిపోతోంది, ముందు తాగు. "పిల్లాడు తలుపేసుకుని గదిలోంచి రావట్లేదక్కా, ఎవరినైనా ఏమైనా చేస్తాడేమో, రేపు లోకమంతా నా పెంపకాన్నే అంటుందేమో" అన్నావు కదా. పిల్లల్ని కన్న మనందరి కడుపులోనూ ఉండే భయమే ఇది. పైకి అనం, అంతే.

ఒక సంగతి చెబుతా, విను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అని చిన్న ఊరు. మనవాళ్లుండే ట్రాయ్, నోవై కూడా ఆ ఊరున్న ఓక్లండ్ కౌంటీలోవే. 2021 నవంబర్ 30 పొద్దున అక్కడి హైస్కూల్లో 15 ఏళ్ల పిల్లాడు లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ గీశాడు. నెత్తురోడుతున్న మనిషిని గీశాడు. ఆలోచనలు ఆగట్లేదు, సాయం చెయ్యండని రాశాడు. పాపం, అంతకంటే ఎలా అడుగుతాడమ్మా? టీచరు చూసింది. అమ్మానాన్నల్ని పిలిపించారు. 48 గంటల్లోపు కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమన్నారు. వాళ్లేమో పనులున్నాయని పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్లలేదు. స్కూలువాళ్లు మళ్లీ క్లాసుకి పంపేశారు. నాలుగు రోజుల కిందట తండ్రి కొన్న తుపాకీ వాడి బ్యాగులోనే ఉంది. ఒక్కరూ జిప్పు తీయలేదు. రెండు గంటలు తిరిగేసరికి కాల్పులు. నలుగురు పిల్లలు పోయారు, ఏడుగురు గాయపడ్డారు.

ఆ పిల్లాడికి యావజ్జీవం పడింది. 2024లో తల్లి జెన్నిఫర్ క్రంబ్లీకి, తండ్రి జేమ్స్‌కి 10 నుంచి 15 ఏళ్ల జైలు. నిర్లక్ష్యంతో ప్రాణాలు పోవడానికి కారకులయ్యారని నేరం. బిడ్డ బడిలో కాల్చి చంపినందుకు కన్నవాళ్లని ఇలా దోషులుగా తేల్చడం అక్కడ అదే మొదలు.

నన్నడిగితే, చేసిన పని పిల్లాడిదే. కానీ ఆ పొద్దున స్కూల్లో కలిసి కూర్చున్న పెద్దవాళ్లందరికీ అందులో వాటా ఉంది, స్కూలువాళ్లతో సహా. ఎదుటివాళ్లు చూసుకుంటార్లే అని ఎవరికి వాళ్లు అనుకున్నారు. అలాగని ఎక్కడ ఏ పిల్లాడు తప్పు చేసినా తల్లి పెంపకం అనేయడం నాకు అస్సలు నచ్చదు. తల్లిని తిడితే మిగతావాళ్ల పని తేలికైపోతుంది మరి! ఆ తల్లిదండ్రుల కేసులు విన్న జ్యూరీలు కూడా పెంపకానికి మార్కులు వేయలేదు. ఇంట్లో తుపాకీ ఉందని తెలిసీ, ఆ కాగితం చూసీ లేచి వెళ్లిపోవడం కూడా వాళ్ల మెడకి చుట్టుకుంది.

అందుకని నువ్వేం చేస్తావంటే, స్కూల్నుంచి ఫోనొస్తే ఆ పూట సెలవు పెట్టేసెయ్. "నా పరువు తీశావు" అనకు, ఇంటికి తీసుకొచ్చి ఇంత అన్నం పెట్టు. తర్వాత సూటిగానే అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా? ఎవరినైనా చంపేయాలన్నంత కోపం వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోకు, అడిగేవాళ్లు లేకే లోపల కుళ్లిపోతారు. బ్యాగు వాడి ముందే, చెప్పి చూడు. పొలం మందు డబ్బా, కత్తి, నిద్రమాత్రలు తాళంలో పెట్టు. 14416కి చెయ్, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచుకి ఇలాంటప్పుడు 988కి చెయ్యమని చెప్పు.

మీ ఆయన్నీ కూర్చోబెట్టు, ఇదంతా నువ్వొక్కదానివే మోయకూడదు. అవునూ, వాడు ట్యూషన్ నుంచి ఎన్నింటికొస్తాడు? ఆరుకా? అయితే లే, ఇవాళ గేటు దగ్గర నువ్వే నిలబడు.