మురుగు కాలువ మీద మెజిస్ట్రేటు ఆర్డరు

వీధి కాలువ పూడిపోయి మురుగు ఇళ్ల ముందు నిలిస్తే మనం చేసేది ఒకటే. మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇస్తాం. నెల పోయాక ఇంకోటి ఇస్తాం. నలుగురం కలిసి కౌన్సిలర్ ఇంటికి వెళ్లి, "ఫండ్స్ లేవు, రాగానే చూద్దాం" అన్న మాట విని తిరిగొస్తాం. ఈలోగా వానలు మొదలై ఇంటికొకరు జ్వరంతో మంచమెక్కుతారు. పని చెయ్యని ఆఫీసునే మళ్లీ మళ్లీ బతిమాలే బదులు, దాని చేత పని చేయించే అధికారమున్న చోటికి వెళ్లండి.

ఆ అధికారం మీ ఆర్డీఓకు ఉంది. ఆర్డీఓ అంటే భూముల పంచాయితీలే గుర్తొస్తాయి గానీ, ఆయన సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు కూడా. దారిలో గానీ పదిమందీ మసలే చోట గానీ జనానికి ఇబ్బంది కలిగించేది ఉంటే, ఫలానా గడువులోగా తొలగించాలని, అభ్యంతరముంటే వచ్చి చెప్పుకోవాలని ఆయన ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్. 2024 జులై 1కి ముందు సీఆర్పీసీ 133గా ఉన్నది ఇదే.

మునిసిపాలిటీకి కూడా ఇలా ఆర్డరు వెయ్యొచ్చా అని సందేహం రావచ్చు. వెయ్యొచ్చని 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం తెరిచి ఉన్న కాలువలతో, ఆల్కహాల్ ఫ్యాక్టరీ వదిలే కంపు నీళ్లతో వేగలేక మెజిస్ట్రేటును ఆశ్రయించారు. మరుగుదొడ్లు లేక పేదలు వీధి పక్కనే కూర్చోవలసి వచ్చేది. మెజిస్ట్రేటు ఆర్డరు వేస్తే, మునిసిపాలిటీ డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్, మన గుత్తికి చెందిన జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను కొట్టేశారు. డబ్బు లేదన్న కారణంతో పారిశుధ్య బాధ్యత నుంచి మునిసిపాలిటీ తప్పించుకోలేదన్నారు. కౌన్సిలర్ గారు ఫండ్స్ మాట ఎత్తినప్పుడు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

ఇక అర్జీ రాయడం దగ్గరే చాలామంది నష్టపోతున్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో మామూలు కాగితం ఇస్తే, అది తిరిగి తిరిగి అదే మునిసిపల్ కమిషనర్ టేబుల్ మీదికి చేరే ప్రమాదముంది. అందుకని పైన "సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు గారికి" అని రాయండి, 152వ సెక్షన్ కింద ఉత్తర్వు కోరుతున్నామని మొదటి వాక్యంలోనే చెప్పండి. మురుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నిలిచింది, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్ల ముందు అన్నది రాయండి. తేదీ ఉన్న ఫొటోలు, పాత అర్జీల రసీదులు, జ్వరాల ఓపీ చీటీలు జతచేయండి. వీధివాళ్లంతా సంతకాలు పెట్టి ఆర్డీఓ ఆఫీసు ఇన్‌వర్డులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

అవతలి పక్షం వచ్చి వాదిస్తే విచారణ 90 రోజుల్లో ముగించాలి, కారణాలు రాసి 120 రోజుల దాకా పొడిగించవచ్చు. ప్రమాదం ముంచుకొస్తుంటే 161వ సెక్షన్ కింద ఈలోగానే తాత్కాలిక ఆదేశం అడగవచ్చు. ఆర్డరు ఖరారయ్యాక కూడా పని చెయ్యకపోతే మెజిస్ట్రేటే ఆ పని చేయించి ఖర్చు వసూలు చేయవచ్చు. ఉత్తర్వును ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223 కింద శిక్ష కూడా ఉంది.

ఒక్క మాట. ఈ సెక్షన్ ఇద్దరు పొరుగువాళ్ల గోడ తగాదాకు పనికిరాదు. మురుగు నిలిచిన స్థలం మీద ప్రజలకు హక్కే లేదని అవతలివాళ్లు నమ్మదగ్గ సాక్ష్యం చూపిస్తే, సివిల్ కోర్టు తేల్చేదాకా మెజిస్ట్రేటు ఆగాల్సిందే. కాబట్టి అది పబ్లిక్ రోడ్డేనని చూపే కాగితం ఏదున్నా ముందే జతచేయండి.

ఈ అర్జీకి లాయరు తప్పనిసరి కాదు. సాయం కావాలనుకుంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.