మేళాలో చెప్పుల జత: సమ్మా ఆజీవ పాఠం



అష్టాంగ మార్గంలో సమ్మా ఆజీవ దగ్గరికి రాగానే మనవాళ్లు ఐదు కూడని వ్యాపారాల పేర్లు చెప్పి ముందుకెళ్లిపోతారు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. వీటిలో ఏదీ మీరు అమ్మరు. మీరు తోలు చెప్పులు కుడతారు, సంచులు చేస్తారు, శిల్పారామంలోనో సరస్ మేళాలోనో స్టాల్ పెట్టుకుంటారు. (తోలు ఆ జాబితాలో లేదు. మన పని చూసి ముక్కు మూసుకునేవాళ్లకు ఈ మాట కూడా చెప్పండి.) మరి ఈ అంగంతో మీకు పని లేనట్టేనా?

ఉంది. తథాగతుడు దొంగ తూకానికీ దొంగ కొలతకూ దూరంగా ఉన్నవాడని సుత్తాలు పదేపదే చెబుతాయి. చెప్పులకు తూకం లేదు కదా అంటారేమో. కొనేవాడి కన్ను పడకుండా లోపాన్ని కప్పేశామంటే తక్కెడలో వేలు పెట్టినట్టే. ముసావాదం నోటితోనే జరగాలని లేదు. ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించాలనుకుని చేత్తో చేసినా అది అబద్ధమే. పగులు మీద నల్ల పాలిష్ దట్టంగా రుద్దడం, ఊడుతున్న కుట్టుకు జిగురు పూసి నొక్కడం, మరక ఉన్న చెప్పును జతలో అడుగున పెట్టి చూపించడం, ఇవన్నీ మాట్లాడకుండా ఆడే అబద్ధాలు.

అయితే లోపం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఇక్కడే మనవాళ్లు రెండు వైపులా పొరపాటు పడుతున్నారు.

పశువు బతికున్నప్పుడు ముల్లు గీసిన గీత, గోమారి కుట్టిన చుక్క, తంగేడు చెక్కతో, కరక్కాయతో లందలో ఊరిన తోలుకు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వచ్చే రంగు, ఇవి లోపాలు కావు. అది అసలు తోలు అనడానికి అవే గుర్తులు. వాటికి మీరు ధర తగ్గించనక్కర్లేదు, నొచ్చుకోనక్కర్లేదు. ఎందుకలా ఉందో వివరించండి చాలు. మెషిన్ మీద తయారైన రెక్సిన్ చూసి అలవాటైన కళ్లు వాళ్లవి.

వాన నీటి మరక, ఆరె జారి పడ్డ గీత, రెండు పట్టీల మధ్య కాస్త తేడా, ఇవి పైపై లోపాలు. తొడుక్కోవడానికి ఇబ్బంది లేదు. ఇలాంటివి విడిగా ఒక బుట్టలో పెట్టి, లోపం ఎక్కడుందో చీటీ మీద రాసి, తగ్గించిన ధర వేసి అమ్మొచ్చు.

మూడోది వేరు. బొటనవేలు దూర్చే ఉంగరం వదులుగా ఉంది, అట్ట విడిపోతోంది, లోపలి మేకు మొన తేలింది. ఈ జతను ఏ ధరకూ అమ్మకూడదు. ఇంటికి తీసుకెళ్లి బాగుచేయాలి. ‘చెప్పే అమ్మాను కదా, తక్కువకే ఇచ్చాను కదా’ అనడం కుదరదు. దిగబడే మేకుకు డిస్కౌంటు సంగతి తెలీదు.

జాతక కథల్లో మూడోది సేరివవాణిజ జాతకం. ఇద్దరు వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం అనే ఊరికి వస్తారు. అది ఆంధ్రుల నగరమేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ ఊళ్లో చితికిపోయిన కుటుంబంలో మిగిలిన అవ్వ, మనవరాలు పాత సామాన్లలోంచి మసిపట్టిన గిన్నె ఒకటి తీసి, బదులుగా ఏదైనా నగ ఇమ్మంటారు. మొదటివాడు సూదితో గీకి అది బంగారమని కనిపెట్టి కూడా, దేనికీ పనికిరాదని విసిరేసి పోతాడు. మళ్లీ వచ్చి ఉట్టినే కొట్టేద్దామని ఆలోచన. రెండోవాడు మాత్రం ‘అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, అంత సొమ్ము నా దగ్గర లేదు’ అని చెప్పేస్తాడు. తన దగ్గరున్నదంతా ఇచ్చి, పడవ ఖర్చుకు ఎనిమిది నాణేలు, తక్కెడ, సంచి మాత్రం ఉంచుకుంటాడు. కథలో మోసం చేసింది కొనేవాడు, మన విషయంలో అమ్మేవాళ్లం. కానీ కిటుకు ఒకటే. వస్తువు గురించి ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలీదు. ఆ తెలియనితనాన్ని సొమ్ము చేసుకోవడమే అదిన్నాదానం, అంటే ఇవ్వనిది తీసుకోవడం.

‘ఇన్ని తరాలు మనల్ని మోసం చేసిన లోకానికి మనమెందుకు నిజం చెప్పాలి?’ అని ఒక తమ్ముడు అడగొచ్చు. న్యాయమైన కోపమే. పైగా పక్క స్టాల్ వాడు మోసం చేస్తే ‘ఆ షాపువాడు’ అంటారు, మనం చేస్తే కులం పేరు తీస్తారు. అది వాళ్ల కుళ్లు. ఆ నింద పడుతుందని భయపడి నిజం చెప్పమని ఈ పాఠం అనడం లేదు. భయంతో పాటించేది శీలం కాదు. మీ స్టాల్ ముందు నిలబడ్డది లోకం కాదు, నాలుగిళ్లలో గిన్నెలు తోమి ఐదొందలు దాచుకుని వచ్చిన అక్క కావచ్చు. ఒంటరి మనిషికి ధమ్మంతో పని లేదనీ, ఇద్దరు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే అది కావాలనీ బాబాసాహెబ్ వివరించారు. మేళాలో ఆ ఇద్దరూ బల్లకు అటూ ఇటూ ఉంటారు.

చెప్పే తీరు కూడా ముఖ్యం. డబ్బు చేతులు మారాక కాదు, ముందే చెప్పాలి. ‘అక్కా, ఈ పట్టీ మీద మరక ఉంది చూడండి. తొడుక్కుంటే ఏమీ కాదు. మామూలుగా ఆరొందలు, ఇది ఐదొందలు.’ అంతే. తల వంచొద్దు, చేతులు నలపొద్దు. ‘లోపం ఉందని నువ్వే అంటున్నావ్‌గా, రెండొందలకియ్యి’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. మరక వల్ల తగ్గాల్సింది ముందే తగ్గించారు. కుట్టడానికి పట్టిన పొద్దు ఏమీ తగ్గలేదు. కుదరదని మర్యాదగా చెప్పి జతను బుట్టలో పెట్టేయండి. స్టాల్ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి వెళ్లేవాళ్లు ఏ జతలో ఏముందో వాళ్లకూ చెప్పి వెళ్లండి. తెలియక అబద్ధమాడే పరిస్థితి వాళ్లకు తేవొద్దు.

వచ్చే ఆదివారం విహారానికి మీ సరుకులోంచి మూడు రకాలకూ ఒక్కో జత తీసుకురండి. వందన, పంచశీల అయ్యాక వాటిని మధ్యలో పెట్టి, ఏది ఏ రకమో, చీటీ మీద ఏం రాయాలో అందరం కలిసి తేల్చుకుందాం. చీటీలకు అట్టముక్కలు, స్కెచ్ పెన్ను కూడా తెచ్చుకోండి.