పొదుగు చెడిన పెట్ట: చేయవలసినవి, చేయకూడనివి

పొదగేసిన గుడ్లన్నీ మురిగిపోతే ఇంట్లో ఎన్ని పిల్లలు పోయాయో లెక్కేసుకుంటారు గానీ పెట్ట సంగతి ఎవరికీ పట్టదు. అది మాత్రం బుట్టలోంచి లేవదు. లోపల పిల్ల చచ్చిందని దానికి తెలిసే దారి లేదు. ఒంట్లో ప్రొలాక్టిన్ హార్మోన్ తగ్గేదాకా కూర్చునే ఉంటుంది. రోజుకొక్కసారి దిగి, పావుగంటో ఇరవై నిమిషాలో నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ ఎక్కుతుంది. మూడు వారాలకే చిక్కిపోయిన పెట్టను ఇంకా అలాగే వదిలేస్తే రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతుంది, జుట్టు పాలిపోతుంది, పేలు పట్టేస్తాయి. పొదుగు ఎప్పుడు ఆపాలన్నది మనమే తేల్చాలి.

గుడ్లు తీసే ముందు

పిల్లలు లేచేది 21వ రోజున. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు కాబట్టి 23వ రోజు రాత్రి దాకా ఆగండి. అప్పుడు ఒక్కో గుడ్డునూ టార్చిలైటు మీద పెట్టి చూడండి. వెలుతురు గుడ్డంతా పారితే అందులో పిల్ల కట్టనే లేదు. నల్లగా ఉండి ఏ కదలికా లేకపోతే పిల్ల మధ్యలో చనిపోయినట్టు. పెంకు మీద చిన్న పగులున్నా, చెవి దగ్గర పెడితే చప్పుడు వినిపించినా ఇంకో రోజు ఆగండి. పిల్లకు సాయం చేద్దామని పెంకు వలవకండి. లోపలి పొరలోని రక్తనాళాలు ఇంకా ఎండకపోతే నెత్తురు కారి పిల్ల చచ్చిపోతుంది.

చీకట్లో బుట్టలోకి చెయ్యి పెట్టకండి. గుడ్ల కోసం పాములు గూట్లో దూరుతుంటాయి. ముందు లైటు వేసి చూసి, పెట్టను రెండు చేతులతో రెక్కలు కలిపి ఎత్తండి. రెక్కల సందున గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు, అది జారి పడకుండా చూసుకోండి.

మురిగిన గుడ్డు లోపల గ్యాసు నిండి ఉంటుంది. ఊపినా, కింద కొట్టినా పేలి కళ్లలో పడొచ్చు. పిల్లల చేతికివ్వకండి, కుక్కకు వేయకండి. రుచి మరిగిన కుక్క రేపు మంచి గుడ్లనూ వదలదు. లోతుగా గొయ్యి తీసి పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కోండి. బుట్టలోని పాత గడ్డి మళ్లీ వాడకండి, కాల్చేయండి. బుట్టను ఎండలో పెట్టండి. సందుల్లో దాగే గోమార్లు రాత్రిళ్లు కోడి నెత్తురు తాగుతాయి, జ్వరం తెచ్చే జబ్బులనూ అంటిస్తాయి. కొత్త గడ్డి కింద వావిలాకు వేయడం మన పెద్దల నాటి మంచి అలవాటు. పేలు పోవాలని పంటకు కొట్టే పురుగుమందు మాత్రం కోడి మీద చల్లకండి, కోడి ప్రాణానికే ముప్పు.

పొదుగు మాన్పించడం

పెట్టను చన్నీళ్ల బిందెలో ముంచడం, కాళ్లు కట్టి ఎండలో పడేయడం, ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చడం, తిండి మానేయించడం: కొన్ని చోట్ల ఇవన్నీ చేస్తుంటారు. దయచేసి ఏదీ చేయకండి. ఇప్పటికే నీరసించిన కోడి ఇది. పొదుగు దాని తప్పూ కాదు, మొండితనమూ కాదు.

దానికి కావలసింది పొట్ట కింద చల్లగాలి, చుట్టూ వెలుతురు. అడుగున తీగజాలీ ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తి నీడలో పెట్టండి. లోపల గడ్డి, గోనె ఏమీ వేయకండి. మేత, నీళ్లు నిండుగా పెట్టండి. నూకలతో పాటు కాస్త తవుడు, ఆకుకూర వేస్తే త్వరగా కోలుకుంటుంది. రాత్రి పిల్లీ ముంగిసా అందుకోని చోట ఉంచండి. మూడు నాలుగు రోజులకు వదిలి చూడండి. మేతకు పోతే సరే, పాత బుట్ట వైపే పరిగెత్తితే ఇంకో రెండు రోజులు పంజరంలోనే. అసీల్ పెట్టలకు పొదుగు పట్టు ఎక్కువ, వాటి విషయంలో ఓపిక పట్టాలి.

కొన్న పిల్లలను పెట్టదలిస్తే

పొదుగు మాన్పించకుండా, పెట్ట ఇంకా గుడ్ల మీద ఉండగానే పిల్లలను పెట్టండి, దానికి తల్లితనం తీరే మంచి దారి ఇదే. పిల్లలు ఒకటి రెండు రోజుల వయసువై ఉండాలి. చీకటి పడ్డాక, ముందు బుట్టను లైటు వేసి చూసుకుని, ఒక్కో పిల్లనూ రెక్క కిందికి జరపండి, ఒక్కో గుడ్డునూ తీసేయండి. తెల్లవారేసరికి మీరు అక్కడ ఉండాలి. పెట్ట పొడుస్తుంటే పిల్లలను వెంటనే వేరు చేసి బల్బు వెచ్చదనం ఇవ్వండి. సంతలో రకరకాల గుంపుల నుంచి ఏరిన పిల్లలను తేకండి, రోగాలు వెంట వస్తాయి. మొదటి వారంలో కొక్కెర తెగులు చుక్కల మందు వేయించండి.

మళ్లీ పొదగేసే ముందు

గుడ్లు మురిగిన వెంటనే కొత్త గుడ్లు పెట్టి అదే పెట్టను ఇంకో 21 రోజులు కూర్చోబెట్టకండి. కోలుకుని మళ్లీ గుడ్లు పెట్టి, తనంతట తాను పొదుగుకొచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఉరుములకు గుడ్లు చెడిపోతాయని బుట్టలో ఇనుపముక్క వేస్తారు. దాంతో హాని లేదు. కానీ ఉరుముల వానకు ముందు ఊరంతా 40 డిగ్రీల ఎండలో కాగి ఉంటుంది, గుడ్లను చెడగొట్టేది ఆ వేడే. పొదగేసే గుడ్లను వారం మించి దాచకండి. వేసవిలో తడి ఇసుక పోసిన కుండలో, గుడ్డ పరిచి, చల్లని మూలన ఉంచండి. పొదగేసిన ఏడో రోజు రాత్రి టార్చితో చూసి, పిల్ల కట్టని గుడ్లను అప్పుడే తీసేయండి.