డేటాబేస్ బ్యాకప్ ఉంటే సరిపోదు, రీస్టోర్ స్క్రిప్ట్ కూడా రాసి పెట్టుకోండి

ఫోన్ మార్చినప్పుడు పాత వాట్సాప్ చాట్స్ కొత్త ఫోన్‌లోకి రావడం మనందరికీ అలవాటే. ఆండ్రాయిడ్‌లో ఆ చాట్స్ ఉండేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న రిలేషనల్ డేటాబేస్‌లో. మనం "రీస్టోర్" బటన్ నొక్కుతాం, మిగతా పనంతా యాప్ చూసుకుంటుంది. కానీ మనమే ఇన్‌స్టాల్ చేసుకుని నడిపే సర్వర్ డేటాబేస్‌కి అలాంటి బటన్ ఉండదు. ఆ బటన్‌ని మనమే స్క్రిప్ట్‌గా రాసుకోవాలి. అది ఎలాగో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో, లైనక్స్ సర్వర్ మీద చూద్దాం. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పీజీ డంప్, పీజీ రీస్టోర్ లాంటి వాటి మధ్యలో అండర్‌స్కోర్ ఉంటుంది.

రోజూ రాత్రి బ్యాకప్ వెళ్తోంది కదా, ఇంకేం కావాలి అనుకునేవాళ్లు ముందు గిట్‌ల్యాబ్ కథ తెలుసుకోవాలి. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీర్ ఒకరు రెండో డేటాబేస్ సర్వర్‌లో డేటా ఫోల్డర్ ఖాళీ చేయబోయి, పొరపాటున అసలు సర్వర్‌లో డిలీట్ కమాండ్ ఇచ్చేశారు. ఒకట్రెండు సెకన్లలోనే గమనించి ఆపినా, దాదాపు 300 జీబీ డేటాలో మిగిలింది సుమారు 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉందిగా అని చూస్తే ఆ ఫైళ్లు ఉండాల్సిన క్లౌడ్ ఫోల్డర్ ఖాళీ! సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీస్తున్నది 9.2 వెర్షన్ పీజీ డంప్. తనకన్నా కొత్త మేజర్ వెర్షన్ సర్వర్ నుంచి పీజీ డంప్ బ్యాకప్ తీయదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మెయిల్స్ కూడా రిజెక్ట్ అవుతుండటంతో ఎవరికీ తెలియలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక డిస్క్ స్నాప్‌షాట్ దొరికింది. దాంతో సైట్ తిరిగి లేచింది. అయినా సుమారు 5,000 ప్రాజెక్టుల మార్పులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్లు పోయాయి. ఈ వివరాలన్నీ గిట్‌ల్యాబ్ స్వయంగా బయటపెట్టింది.

వారానికి ఒక్కసారైనా ఆ ఫైల్‌ని వేరే చోట రీస్టోర్ చేసి చూసే స్క్రిప్ట్ ఉంటే, ఫోల్డర్ ఖాళీగా ఉందన్న సంగతి ముందే తెలిసేది. కాబట్టి మన స్క్రిప్ట్ రెండు పనులకీ పనికిరావాలి: నిజంగా సర్వర్ పోయినప్పుడు, ఏమీ జరగని మామూలు వారంలో కూడా.

మొదట ఫైల్‌ని చెక్ చేయాలి

ఉదాహరణకి ఒక కాలేజీ ఫీజుల డేటాబేస్ తీసుకుందాం. స్టూడెంట్స్, ఫీజులు, రసీదులు అని మూడు టేబుల్స్. ఇందులో ఒక రోజు రసీదులు పోతే, డబ్బు కట్టిన విద్యార్థి హాల్ టికెట్ కోసం వెళ్లినప్పుడు "మీ ఫీజు డ్యూ ఉంది" అంటారు.

బ్యాష్ స్క్రిప్ట్ మొదటి లైన్లలోనే సెట్ కమాండ్‌తో మూడు ఆప్షన్లు పెట్టండి: ఎర్ర్ ఎగ్జిట్, నో అన్‌సెట్, పైప్ ఫెయిల్. ఎర్రర్ వస్తే ఆగిపోవడం, విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆగిపోవడం, పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టు లెక్కపెట్టడం వీటి పని. ఇవి లేకపోతే స్క్రిప్ట్ సగంలో పడిపోయినా చివరి దాకా పరిగెత్తి "డన్" అని ప్రింట్ చేస్తుంది.

తర్వాత బ్యాకప్ ఫైల్ ఉందా, సైజు సున్నా కాదు కదా అని చూడాలి. కంప్రెస్ చేసిన ఎస్‌క్యూఎల్ ఫైల్ అయితే జీజిప్ టెస్ట్ ఆప్షన్‌తో పరీక్షించండి. ఇది తప్పనిసరి. ఎందుకంటే తెగిపోయిన ఫైల్‌ని పైప్‌లో నేరుగా పంపిస్తే, అందుకునే పీఎస్‌క్యూఎల్‌కి ఫైల్ అక్కడితో అయిపోయిందనే అనిపిస్తుంది, వచ్చినంత వరకు సేవ్ చేసేస్తుంది. ఇంకో చిన్న చిట్కా: పీజీ డంప్ తీసిన ఎస్‌క్యూఎల్ ఫైల్ చివర్లో డంప్ కంప్లీట్ అయిందని ఒక కామెంట్ లైన్ రాస్తుంది. చివరి పది లైన్లలో అది లేకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. కస్టమ్ ఫార్మాట్ ఫైల్ అయితే పీజీ రీస్టోర్‌కి లిస్ట్ ఆప్షన్ ఇస్తే లోపల ఏ టేబుల్స్ ఉన్నాయో జాబితా వస్తుంది.

పాత డేటాబేస్ మీద రాయొద్దు

ఇది నేను గట్టిగా చెప్పే మాట. క్లీన్ ఆప్షన్ పెట్టి ఉన్న డేటాబేస్‌లోకే రీస్టోర్ చేయమని చాలా ట్యుటోరియల్స్ చెప్తాయి. ఆ ఆప్షన్ ముందు పాత టేబుల్స్‌ని తీసేస్తుంది. ఆ తర్వాత రీస్టోర్ ఫెయిలైతే రెండూ ఉండవు. క్రియేట్ డీబీ కమాండ్‌తో, తేదీ కలిపిన కొత్త పేరుతో ఖాళీ డేటాబేస్ తయారుచేయండి. టెంప్లేట్ సున్నా నుంచి తయారుచేస్తే నిజంగా ఖాళీగా వస్తుంది. డిస్క్‌లో రెండింటికీ చోటుందో లేదో ముందే స్క్రిప్ట్‌తో చూపించుకోండి, కంప్రెస్ చేసిన ఫైల్ విప్పితే చాలా పెరుగుతుంది.

యూజర్ల సంగతి ఇక్కడే. పీజీ డంప్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది, సర్వర్ మొత్తానికీ చెందిన యూజర్లు, పాస్‌వర్డ్‌లు అందులో రావు. అందుకే కొత్త సర్వర్‌లో "రోల్ లేదు" అనే ఎర్రర్లు వరుసగా పడతాయి. పీజీ డంప్ ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో నడిపి ఆ ఫైల్ కూడా రోజూ దాచుకోండి, రీస్టోర్‌లో ముందు దాన్నే ఎక్కించండి. కేవలం టెస్ట్ కోసమైతే నో ఓనర్, నో ప్రివిలేజెస్ ఆప్షన్లు చాలు.

అసలు రీస్టోర్

ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని పీఎస్‌క్యూఎల్‌తో ఎక్కించాలి. దీనికి ఒక చెడ్డ అలవాటుంది: మధ్యలో ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైన్‌కి వెళ్లిపోతుంది, చివర్లో సక్సెస్ కోడ్ సున్నా ఇస్తుంది. రసీదుల టేబుల్ ఎక్కకపోయినా మీ స్క్రిప్ట్‌కి తెలియదు. ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్‌ని 1 చేస్తే మొదటి ఎర్రర్‌కే ఆగుతుంది. దాంతోపాటు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే, ఎర్రర్ వచ్చినప్పుడు మొత్తం వెనక్కి పోతుంది, సగం డేటా మిగలదు. ఫైల్‌ని ఎఫ్ ఆప్షన్‌తో ఇచ్చినప్పుడే ఇది పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

కస్టమ్ ఫార్మాట్‌కి పీజీ రీస్టోర్, ఎగ్జిట్ ఆన్ ఎర్రర్ ఆప్షన్‌తో. పెద్ద డేటాబేస్ అయితే జాబ్స్ 4 అని ఇస్తే నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి, అయితే జాబ్స్, సింగిల్ ట్రాన్సాక్షన్ రెండూ కలిపి వాడలేం. కొత్త డేటాబేస్‌లోకే ఎక్కిస్తున్నాం కాబట్టి ఫెయిలైతే దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అందుకే నా ఓటు కస్టమ్ ఫార్మాట్, జాబ్స్‌కే. అవగానే అనలైజ్ నడపండి, లేకపోతే మొదటి కొన్ని క్వెరీలు నత్తనడక నడుస్తాయి.

నిజంగా వచ్చిందా?

సక్సెస్ కోడ్ చూసి సంబరపడొద్దు. బ్యాకప్ నెల కిందటిదైనా రీస్టోర్ సక్సెస్ అవుతుంది! స్క్రిప్ట్ చివర్లో మూడు క్వెరీలు పెట్టండి. మూడు టేబుల్స్‌లో ఎన్ని రోస్ ఉన్నాయి, చివరి రసీదు ఏ తేదీది, తెలుగులో పేరున్న ఒక విద్యార్థి పేరు సరిగ్గా కనిపిస్తోందా. చివరి రసీదు తేదీ మీరు అనుకున్నదానికన్నా పాతదైతే స్క్రిప్ట్ ఫెయిల్ అని చెప్పాలి. మెయిల్ ఒక్కటే నమ్ముకోకుండా, ఫోన్‌కి టెలిగ్రామ్ బాట్ ద్వారా మెసేజ్ పంపించుకోండి. సక్సెస్ అయినా మెసేజ్ రావాలి, అప్పుడే రాని రోజు అనుమానం వస్తుంది.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి ఇదే పద్ధతి, కానీ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒక గుంత ఉంది. పవర్‌షెల్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్ అవుట్‌పుట్‌ని "గ్రేటర్ దాన్" గుర్తుతో ఫైల్‌లోకి మళ్లిస్తే, ఆ ఫైల్ యూటీఎఫ్ 16లో సేవ్ అయ్యి తర్వాత లోడ్ కాదు. రిజల్ట్ ఫైల్ ఆప్షన్ వాడండి. అలాగే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8 ఎంబీ4 ఉండాలి. పాత మూడు బైట్ల యూటీఎఫ్8లో తెలుగు అక్షరాలు పడతాయి, నాలుగు బైట్ల ఎమోజీలు పట్టవు.

అంతా సరిగ్గా ఉంటే నిజమైన ఎమర్జెన్సీలో చివరి స్టెప్ పేర్లు మార్చడమే. యాప్ ఆపేసి, కనెక్షన్లన్నీ మూసి, పాత డేటాబేస్‌కి "పాత" అని, కొత్తదానికి అసలు పేరు పెట్టండి. కనెక్షన్ ఒక్కటి తెరిచి ఉన్నా పోస్ట్‌గ్రెస్ పేరు మార్చనివ్వదు. పాతదాన్ని ఒక వారం అలాగే ఉంచండి. వారం వారం జరిగే టెస్ట్‌లో మాత్రం ఈ స్టెప్ ఉండకూడదు, క్రాన్‌లో పెట్టే ముందు దాన్ని వేరే ఫైల్‌లోకి తీసేయండి.