చందా ఆగిపోతే మన రాతలు ఏమవుతాయి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగే మనకు బదిలీ కొత్త కాదు. నాన్నగారికో అమ్మకో ఆర్డరు వస్తుంది, ఇంట్లో సామాను కట్టడం మొదలవుతుంది. బీరువా, సైకిలు, పుస్తకాల పెట్టెలు లారీకెక్కించి, క్వార్టరు తాళాలు అప్పగించి వచ్చేస్తాం. క్వార్టరు మనది కాదనీ, పెట్టెల్లో ఉన్నది మనదనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంప్యూటర్లో రాసుకున్నవాటి విషయంలో మాత్రం ఈ తేడా అంత సులువుగా కనబడదు. ఈ పాఠం దాని గురించే.

ముందు నాకు జరిగింది చెబుతాను. నేను ఏడో తరగతి వేరే ఊళ్లో చదివాను. ఆ వేసవిలో శ్రీకాకుళం నుంచి అమ్మమ్మ వచ్చి మా ఇంట్లో ఉంది. రాత్రిపూట ఆవిడ చెప్పిన కథలు పదకొండు తెలుగులో టైపు చేసి, బడి వాళ్లు ఇచ్చిన ఖాతాలో దాచుకున్నాను. తర్వాత నాన్నగారికి బదిలీ అయింది, టీసీ తీసుకుని వచ్చేశాం. కొన్ని నెలల తర్వాత తెరవబోతే ఆ ఖాతా లేదు. అమ్మమ్మకు ఫోను చేస్తే నాలుగు కథలు మళ్లీ చెప్పింది. మిగతా ఏడూ ఆవిడకే గుర్తు రాలేదు. ఖాతా బడిదని నాకు ముందే తెలుసు. దాంట్లోని కథలు వేరే చోట కూడా దాచాలని మాత్రం తోచలేదు.

చందా పద్ధతి అంటే ఏమిటి?

ఉత్తరాలు, వ్యాసాలు, నివేదికలు రాసుకునే ప్రోగ్రాముల్లో బాగా తెలిసినది మైక్రోసాఫ్ట్ వర్డ్. ఇది మొదటిసారి 1983లో వచ్చింది. చాలాకాలం దీన్ని ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునేవారు. కొన్న వెర్షన్ ఆ కంప్యూటర్లో ఉండిపోయేది. 2011లో ఆ సంస్థ ఆఫీస్ 365 పేరుతో చందా పద్ధతి తెచ్చింది. 2013లో అది ఇళ్లకూ వచ్చింది, 2020లో మైక్రోసాఫ్ట్ 365 అని పేరు మారింది. నెలకోసారి గానీ ఏడాదికోసారి గానీ డబ్బు కడుతూ ఉండాలి.

చందా అనే మాట మన ఇళ్లలో పాతదే. తాతగారి కాలంలో చందమామకు చందా కట్టేవారు. చందా ఆపేస్తే కొత్త సంచిక రాదు, పాత సంచికలు మాత్రం బీరువాలోనే ఉంటాయి. వర్డ్ చందా ఇలాంటిది కాదు. గడువు దాటాక కంప్యూటర్లోని ప్రోగ్రాము పాత ఫైళ్లను చదవనిస్తుంది, ముద్రించనిస్తుంది. కొత్తది రాయనివ్వదు, పాతది దిద్దనివ్వదు. అంటే కాగితం మన దగ్గరే ఉంటుంది, కలం వెనక్కి వెళ్లిపోతుంది.

వాడేవాళ్లు ఏమంటున్నారు?

ఈ పాఠం కోసం కాలనీలో తెలిసినవాళ్లను అడిగాను. అందరి మాటా ఒకటి కాదు.

ఇంజినీరింగ్ చదువుతున్న పక్కింటి అన్నయ్య చందానే మంచిదంటాడు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారంలో అతని ల్యాప్‌టాప్ పాడైంది. ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లో ఉండటంతో స్నేహితుడి కంప్యూటర్లో తెరిచి పని పూర్తి చేశాడు. కొత్త సౌకర్యాలు వాటంతట అవే వస్తాయి, ఒక టెరాబైట్ స్థలం ఇస్తారు, కుటుంబ చందా తీసుకుంటే ఆరుగురు వాడుకోవచ్చు అని లెక్క చెప్పాడు.

రిటైరైన గార్డు తాతగారు ఒప్పుకోలేదు. "నేను నెలకు రెండు ఉత్తరాలు రాస్తాను బాబూ. దానికి ఏడాది పొడుగునా డబ్బెందుకు కట్టాలి? కలం కొంటే సిరా అయిపోయేదాకా నాదే కదా!" అన్నారు.

ఎదురింటి అత్తయ్యగారు మరో సంగతి చెప్పారు. "ధర ఎప్పుడు పెంచుతారో మన చేతిలో లేదు. అడగని సౌకర్యం కలిపి, దానికీ మన దగ్గరే డబ్బు తీసుకుంటారు." ఇది ఆవిడ ఒక్కరి మాటే కాదు. ఆస్ట్రేలియాలో ఇదే విషయం కోర్టు దాకా వెళ్లింది. కోపైలట్ అనే కృత్రిమ మేధ సౌకర్యాన్ని కలిపి, అక్కడ ఒక్కరు వాడే చందాను ఏడాదికి 109 డాలర్ల నుంచి 159 డాలర్లకు పెంచారు. కోపైలట్ లేకుండా పాత ధరకే దొరికే పథకం ఉన్నా ఆ సంగతి చెప్పలేదనీ, చందా రద్దు చేయబోయేవారికే అది కనబడిందనీ ఆరోపిస్తూ వినియోగదారుల హక్కులు చూసే అక్కడి కమిషన్ 2025 అక్టోబరులో దావా వేసింది. తర్వాత మైక్రోసాఫ్ట్ క్షమాపణ చెప్పి, పాత పథకానికి మారేవారికి డబ్బు వాపసు ఇస్తామంది. మనం నేర్చుకోవాల్సింది ఇది: చందా కట్టే రోజునే ధరతో పాటు రద్దు చేసే దారి కూడా చూసుకోవాలి.

చందా లేని దారులు కూడా ఉన్నాయి. లిబ్రే ఆఫీస్ రైటర్‌ను ఎవరైనా ఉచితంగా కంప్యూటర్లో పెట్టుకోవచ్చు, దానికి ఖాతా అక్కర్లేదు. గూగుల్ డాక్స్, మన దేశపు సంస్థ జోహో వారి రైటర్ ఖాతా తెరిస్తే ఉచితంగా దొరుకుతాయి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. నా కథలు పోయిన ఖాతాకు కూడా మేము పైసా కట్టలేదు. ఉచితంగా వచ్చినంత మాత్రాన అది మనదైపోదు. డబ్బు కట్టి కొన్నది కూడా ఎల్లకాలం ఒకేలా ఉండదు. ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి.

తెలుగు రాసేవారికి మరో చిక్కు

ప్రోగ్రాముతో పాటు అక్షరాల సంగతి కూడా చూడాలి. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది. యూనికోడ్‌లో 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ కంప్యూటర్లో, ఏ ప్రోగ్రాములో తెరిచినా ఆ సంఖ్య మారదు. యూనికోడ్ వాడుక పెరగకముందు ప్రెస్సుల్లో వాడిన ఫాంట్లలో ఈ ఏర్పాటు లేదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తెలుగు బొమ్మలు పెట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. ఇంట్లో పాత పెళ్లిపత్రిక ఫైలు ఉంటే తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది.

కాబట్టి తెలుగు ఎప్పుడూ యూనికోడ్‌లోనే టైపు చేయాలి. గురజాడ, సురవరం, మండలి, ధూర్జటి వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

బదిలీకి ముందు చేయాల్సినవి

1. మీ ఫైళ్లు ఎవరి ఖాతాలో ఉన్నాయో చూడండి. బడి ఖాతాలో, నాన్నగారి ఆఫీసు ఖాతాలో ఉంటే టీసీ తీసుకోకముందే దించుకోండి.

2. ప్రతి ముఖ్యమైన రాతనూ రెండు రకాలుగా దాచండి. దిద్దుకోవడానికి డాక్స్ లేక ఓడీటీ, ఎక్కడైనా అదే రూపంలో చదువుకోవడానికి పీడీఎఫ్. ఓడీటీ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది, ఒక్క సంస్థ ప్రోగ్రాముకే కట్టుబడినది కాదు.

3. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, మరో ప్రతి సొంత ఖాతాలో ఉంచండి. పెన్‌డ్రైవ్ లారీలో కాదు, మీ చేతిసంచిలో పెట్టుకోండి.

4. చాలా ఇష్టమైనవి కాగితం మీద ముద్రించుకోండి. కాగితానికి గడువు తేదీ ఉండదు.

ఏ ప్రోగ్రాము వాడాలన్నది మీ అవసరం, మీ ఇంటి ఖర్చు చూసుకుని నిర్ణయించుకోండి. అన్నయ్యకు చందా సరిపోయింది, తాతగారికి సరిపోలేదు. ఇద్దరి లెక్కా సరైనదే. ఏది ఎంచుకున్నా ఒక ప్రశ్న మాత్రం అడగండి: రేపు ఇది లేకపోతే నేను రాసింది తెరుచుకుంటుందా?

మళ్లీ దొరికిన ఆ నాలుగు కథలూ ఇప్పుడు యూనికోడ్‌లో మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి నా ఖాతాలో, ఒకటి అమ్మమ్మ దిండు కింద, పెద్ద అక్షరాల్లో.

చేసి చూడండి

1. మీరు రాసిన ఒక తెలుగు వ్యాసాన్ని ఓడీటీగా దాచి, వేరే ప్రోగ్రాములో తెరవండి. వత్తులు, గుణింతాలు సరిగ్గా వచ్చాయా?

2. ఇంట్లో ఎన్ని రకాల చందాలు కడుతున్నారో అమ్మానాన్నలను అడిగి పట్టిక వేయండి. ఏది ఆపేస్తే మన దగ్గర ఏమి మిగులుతుందో ఎదురుగా రాయండి.

3. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన ఒక కథను ఈ వారమే టైపు చేయండి. రెండు చోట్ల దాచండి.