డ్రాగన్ ఒక్కటే గెలవదు: కార్డుల కట్ట చెప్పే పాఠం

ఈసారి పాఠం పుస్తకంలోది కాదు, మీ సంచిలోది. జపాన్ చిత్రకథా రచయిత కజుకి తకహాషి 1996లో మొదలుపెట్టిన ‘యు-గి-ఓ’ కథ ఆధారంగా కొనామి సంస్థ 1999లో కార్డుల ఆటను తెచ్చింది. అందులో అందరికీ ఇష్టమైనది బ్లూ-ఐస్ వైట్ డ్రాగన్. దాని దాడి బలం 3000, రక్షణ బలం 2500. ఈ డ్రాగన్‌తో పోటీకి నిలబడే కట్టను ఎలా తయారుచేయాలో చూద్దాం.

ముందుగా నియమాలు. ప్రధాన కట్టలో 40 నుంచి 60 కార్డులు ఉండాలి. ఒకే పేరున్న కార్డు మూడుకు మించకూడదు. ఆట మొదట్లో అయిదు కార్డులు చేతికి వస్తాయి. ఇద్దరికీ చెరో 8000 ప్రాణాంకాలు. బ్లూ-ఐస్ ఎనిమిదో స్థాయి కార్డు కాబట్టి దాన్ని మామూలుగా బరిలోకి దింపాలంటే మన రెండు ప్రాణులను బలి ఇవ్వాలి. మామూలుగా దింపడం వంతుకు ఒక్కసారే కుదురుతుంది. అంటే వేరే సాయం లేకపోతే మొదటి వంతులో ఒక చిన్న ప్రాణి, రెండో వంతులో మరొకటి, మూడో వంతులో గానీ డ్రాగన్ రాదు. అంతసేపు ఎదుటివాడు చేతులు కట్టుకుని కూర్చోడు కదా!

విభక్తులు లేని వాక్యం

‘రాముడు, బాణం, రావణుడు, చంపు’ అని వరసగా రాస్తే వాక్యం కాదు. ‘రాముడు బాణంతో రావణుణ్ణి చంపాడు’ అన్నప్పుడే అర్థం కుదురుతుంది. ‘తో’, ‘ని’ చిన్న ముక్కలే. కానీ పెద్ద మాటలను కలిపి నడిపించేవి అవే. కట్టలో సాయపు కార్డుల పని కూడా ఇదే.

ఒక ఉదాహరణ. మీ చేతిలో ‘ద మెలడీ ఆఫ్ అవేకెనింగ్ డ్రాగన్’, ‘ట్రేడ్-ఇన్’, ‘రిటర్న్ ఆఫ్ ద డ్రాగన్ లార్డ్స్’, ఇంకో రెండు కార్డులు ఉన్నాయనుకుందాం. ఒక్క డ్రాగన్ కూడా లేదు. అయినా దిగులు పడనక్కర్లేదు.

మెలడీ వాడి, చేతిలోని ఒక కార్డును వదిలేస్తే, కట్టలోంచి బ్లూ-ఐస్‌నూ, దాని జోడీ అయిన బ్లూ-ఐస్ ఆల్టర్నేటివ్ వైట్ డ్రాగన్‌నూ తెచ్చుకోవచ్చు. చేతిలోని బ్లూ-ఐస్‌ను చూపిస్తే చాలు, ఆల్టర్నేటివ్ బలి లేకుండానే బరిలోకి దిగుతుంది. తర్వాత ట్రేడ్-ఇన్‌తో బ్లూ-ఐస్‌ను వదిలేసి రెండు కొత్త కార్డులు తీయాలి. వదిలేసిన కార్డు గ్రేవ్‌యార్డ్‌లో పడుతుంది. డ్రాగన్ లార్డ్స్ కార్డు దాన్ని అక్కడి నుంచి లేపి తెస్తుంది. ఒకే వంతులో 3000 బలం ఉన్న డ్రాగన్లు రెండు. చేతిలో ఇంకా మూడు కార్డులు!

2016 ప్రపంచ పోటీలో విజేత ఆడింది బ్లూ-ఐస్ కట్టే. ఆట పుట్టిననాటి ఆ కార్డులో 2016 నాటికి ఒక్క అంకె కూడా మారలేదు. మారింది దాని చుట్టూ చేరిన సాయం.

వాపా, బలుపా?

‘ఎక్కువ కార్డులుంటే ఎక్కువ బలం’ అని చాలామంది 60 కార్డులు పేరుస్తారు. లెక్క వేద్దాం. 40 కార్డుల కట్టలో మెలడీలు మూడు ఉన్నాయి. మొదటి అయిదు కార్డుల్లో ఒక్కటీ రాకపోవాలంటే మూడూ మిగతా 35 స్థానాల్లోనే ఉండాలి. ఆ సంభావ్యత 35/40 × 34/39 × 33/38. ఇది సుమారు 66 శాతం. అంటే కనీసం ఒకటైనా వచ్చే అవకాశం 34 శాతం. అదే 60 కార్డుల కట్టలో 23 శాతానికి పడిపోతుంది. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు 40 కార్డుల్లోనే అదే పని చేసే సాయపు కార్డులను పెంచి చూడండి. ఆరు ఉంటే కనీసం ఒకటి వచ్చే అవకాశం 58 శాతం, తొమ్మిది ఉంటే 74 శాతం. ‘నా అదృష్టం బాగాలేదు సార్’ అనే ముందు ఈ లెక్క చూసుకోవాలి. చేతికి ఏ కార్డు వస్తుందో మన చేతిలో లేదు. ఏ కార్డులు రావడానికి వీలుందో మాత్రం మనమే నిర్ణయించాం.

తీసేయడమే కష్టం

మేం పనిచేసిన బడులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోటి. భాష వేరు, తిండి వేరు. కార్డులాడే పిల్లల్లో మాత్రం ఒక అలవాటు అన్నిచోట్లా చూశాం. ఓడిన ప్రతిసారీ ఇంకో పొట్లం కొని, ఇంకో మెరిసే డ్రాగన్‌ను కట్టలో దూరుస్తారు. కట్ట ఇంకా బరువెక్కుతుంది, మళ్లీ ఓటమి, మళ్లీ పొట్లం. అమ్మానాన్నలిచ్చిన డబ్బులు అలా కరిగిపోతాయి. పై తరగతివాళ్లు చిన్నపిల్లలకు మెరుపు కార్డు ఒకటి ఇచ్చి, పనికొచ్చే సాయపు కార్డులు మూడు పట్టుకుపోవడమూ చూశాం. అది తెలివి కాదు, మోసం. మార్చుకునే ముందు రెండు కార్డుల పనీ ఎదుటివారికి చదివి వినిపించడం మర్యాద.

కొత్త కార్డు చేర్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది డ్రాగన్‌ను తెస్తుందా, కాపాడుతుందా, తిరిగి లేపుతుందా? మూడిటికీ ‘కాదు’ అనే జవాబు వస్తే, ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టాల్సిందే. వ్యాసంలో మనకు నచ్చిన వాక్యమైనా విషయానికి అతకకపోతే కొట్టేస్తాం కదా, అలాగే.

అభ్యాసం

1. పాత నోటుపుస్తకం కాగితాలను 40 చీటీలుగా కత్తిరించి, కార్డుల పేర్లు రాయండి. కలిపి అయిదేసి చొప్పున ఇరవైసార్లు తీయండి. ఎన్నిసార్లు డ్రాగన్‌ను దింపగలిగారో రాసుకోండి. పైసా ఖర్చుపెట్టకముందే మీ కట్ట సత్తా తెలుస్తుంది.

2. సాయపు కార్డులు పన్నెండైతే అవకాశం ఎంత? గణితం ఉపాధ్యాయుల సాయంతో లెక్కించండి.

3. పోటీల్లో నిషేధించిన, పరిమితం చేసిన కార్డుల జాబితా ఎప్పటికప్పుడు మారుతుంటుంది. తాజా జాబితా చూసి మీ కట్టను సరిచేయండి.

4. మీ కట్టలోంచి తీసేసిన ఒక ఇష్టమైన కార్డు గురించి, ఎందుకు తీశారో అయిదు వాక్యాల్లో తెలుగులో రాయండి.